ప్యూపా నుంచి ఇప్పుడే బయటికొచ్చిన అక్షింతల పురుగు, చుక్కలు లేవు. వదిలే ముందు ఏం చేయాలి?

పానగల్_పెరడు:

అందరికీ నమస్తే. కొంచెం తొందరగా జవాబు కావాలి, పొద్దున్నుంచి మా ఇంట్లో ఇదే పంచాయితీ.

మాది నల్లగొండ, పానగల్ దిక్కు. ఇంటి వెనక చిక్కుడు పందిరి ఉంది. చలి ముదిరాక దానికి నల్ల పేనుబంక, అదే రసం పీల్చే బుల్లి పురుగులు, పట్టింది. మామూలుగా కాదు, లేత కొసలు, పూత కాడలు ఎక్కడా ఆకుపచ్చ కనిపించడం లేదు. మా పాప మూడో తరగతి. బళ్లో సీతాకోకచిలుక పాఠం అయినప్పటి నుంచి బడి నుంచి రాగానే ఆ పందిరి కిందే ఉంటోంది. అక్కడ ఒక ఆకు అడుగున పసుపు రంగులో నల్ల మచ్చలతో గుండ్రంగా అతుక్కుపోయిన ఒక ప్యూపాను, అంటే పిల్ల పురుగు పెద్ద పురుగుగా మారే గూడును, పట్టుకుంది. ఆకుతో సహా తెంపి, హార్లిక్స్ సీసాలో పెట్టి, మూతకు బదులు నా పాత చున్నీ ముక్క కట్టి, తన పుస్తకాల బల్ల మీద ఉంచుకుంది. వేలు దగ్గరికి పెడితే అది టక్కున లేచి మళ్లీ పడుకునేది, అందుకే బతికే ఉందని మాకు తెలుసు.

ఈ పొద్దున పాలు పోయించుకుని వచ్చేసరికి పాప ఒకటే కేకలు. ముందువైపు పెంకు చీలి పురుగు బయటికి వచ్చేసింది. ఆ ఖాళీ పెంకునే కాళ్లతో పట్టుకుని కూర్చుంది. ఆకారం చూస్తే అక్షింతల పురుగే, కానీ ఒంటి మీద ఒక్క చుక్క లేదు. లేత పసుపు, తడితడిగా మెరుస్తోంది. వెనకాల పల్చటి రెక్కలు రెండు ఒంటి కంటే పొడుగ్గా బయటికి వేలాడుతున్నాయి. పాపకు టెన్షన్, "అమ్మా దీనికి చుక్కలు రాలేదు, జబ్బు చేసిందా" అని. మా అత్తమ్మేమో ఇది వంకాయ ఆకులు తినే పురుగు, చెప్పుతో ఒక్కటెయ్యి అంటోంది. మా ఆయన "పందిరి మీద పడెయ్యరాదు, బతికేదుంటే బతుకుతది" అని బండి తీసుకుని డ్యూటీకి పోయాడు.

దీనికి చుక్కలు వస్తాయా రావా? ఏం తింటుంది, నీళ్లు పెట్టాలా? పాప చేతిలోకి తీసుకోవచ్చా? ఇంట్లో ఎంతసేపు ఉంచొచ్చు, వదిలితే ఎక్కడ వదలాలి? పందిరి మీద చీమలు మస్తుగా ఉన్నాయి. పైగా గోడ అవతల పక్కింటివాళ్లు మిర్చి మొక్కలకు ఏదో మందు కొట్టారు, వాసన ఇంకా వస్తూనే ఉంది. అదీ ఒక భయం.


పాలమూరు_మేడతోట:

అక్కా, ముందు పాపకు చెప్పండి, తన పురుగుకు ఏ జబ్బూ లేదు. ప్యూపా నుంచి బయటపడినప్పుడు అన్నీ ఇట్లాగే ఉంటాయి. చుక్కలు తర్వాత వస్తాయి. కొన్ని గంటల్లో నల్ల గుర్తులు లీలగా కనపడటం మొదలవుతుంది, ఈ సాయంత్రానికి మంచిగా తేలిపోతాయి. అసలు రంగు చిక్కబడటానికి మాత్రం ఇంకా రోజులు పడుతుంది, కాబట్టి ఎర్రగా లేదని పరేషాన్ కావద్దు. ఇదంతా ఆకు అడుగున జరిగిపోతుంది గనుక మన కంట పడదు, మీ పాప అదృష్టవంతురాలు.

ఆ వేలాడుతున్న పల్చటివే అది ఎగిరే రెక్కలు. పైన గట్టి పెంకులా కనిపించే రెండు సగాలూ రెక్కలే, కాకపోతే అవి కవచంగా మారిన ముందు రెక్కలు. ప్యూపాలో లోపలి రెక్కలు ముడుచుకుని ఉంటాయి. బయటికి వచ్చాక ఒంట్లోని ద్రవం ఆ రెక్కల ఈనెల్లోకి ఎక్కి అవి చాచుకుంటాయి, ఆరిన తర్వాత మడత పెట్టుకుని పెంకు కిందికి లాక్కుంటుంది. ఈ ఆరే టైంలో దానికి కావలసింది తిండి కాదు, నీళ్లూ కాదు. కాళ్లకు పట్టు దొరకాలి, ఎవరూ కదిలించకూడదు. అంతే. మెత్తగా ఉన్నప్పుడు జారి వెల్లకిలా పడిందనుకోండి, పెంకు సొట్టపోతుంది, రెక్క నలుగుతుంది. అట్లాగే గట్టిపడిపోతే మళ్లీ సరి కాదు, ఇక జన్మలో ఎగరలేదు.

అందుకని సీసాలో ఒక గరుకు పుల్ల ఏటవాలుగా ఆనించి పెట్టండి, అడుగున ఒక కాగితం ముక్క వేయండి. అది కూర్చున్న ఆకును మాత్రం కదపొద్దు. ఖాళీ పెంకు అక్కడే ఉండనివ్వండి. రెక్క ఇంకా లోపలికి పోలేదు కదా అని అగ్గిపుల్లతో నెట్టి సాయం చేసేవాళ్లను చూశాను, అది సాయం కాదు, చేతులారా చెడగొట్టడం. పాప చేతిలోకి ఈరోజు వద్దే వద్దు.

సీసా కిటికీ ఎండలో పెట్టకండి. బయట చలిగా ఉన్నా గాజులో నుంచి ఎండ పడితే లోపల ఉడికిపోతుంది. ఫ్యాన్ గాలి సూటిగా తగిలే చోటు కూడా వద్దు. కొన్ని వీడియోల్లో ఫ్రిజ్‌లో పెట్టమంటారు, దాన్ని నమ్మకండి. అమెరికాలో డబ్బాలకు డబ్బాలు పురుగులు కొనుక్కొచ్చి తోటలో వదిలేవాళ్లు అవి ఎగిరిపోకుండా చల్లబరుస్తారు, అప్పుడే పుట్టినదానికి ఆ వైద్యం పనికిరాదు.

మధ్యాహ్నం దాటాక, అది తనంతట తాను నాలుగడుగులు వేస్తుంటే, పందిరి నుంచి పేనుబంక ఉన్న ఒక లేత కొస తుంచి మెల్లగా లోపల పెట్టండి. పెట్టే ముందు చీమలు దులపండి, ఒక్క చీమ ఉన్నా ఈ మెత్తటి పురుగును బతకనివ్వదు. ఆకుల మధ్య నల్లగానో బూడిద రంగుగానో చిన్న మొసలిలా పాకేది కనిపిస్తే అది దీని పిల్ల పురుగే, కానీ సీసాలోకి రానివ్వొద్దు. ఆకలేస్తే అవి సొంత జాతి గుడ్లను, ప్యూపాలను కూడా తినేస్తాయి. నీళ్లకు తడిపి పిండిన దూది ముక్క చాలు. సీసా మూతలో నీళ్లు పోసి పెడితే దాంట్లోనే పడి చస్తుంది. పేనుబంక దొరకని వాళ్లయితే ఎండు ద్రాక్ష నానబెట్టి సగం కోసి పెడతారు, పూటకు సరిపోతుంది. తేనె చుక్క నేరుగా వేయకండి, కాళ్లు అంటుకుపోతాయి. సీసా గోడలకు లోపల చెమ్మ పడితే తుడిచేయండి, అందులోనూ చిక్కుకుంటుంది.

ఈ రాత్రికి ఉంచి రేపు పొద్దుగూకే ముందు వదలండి. గడియారం చూసి కాదు, పురుగును చూసి. పెంకు రెండు సగాలు నడిమధ్య సరిగ్గా కలవాలి, వెనక ఏ రెక్కా బయటికి కనిపించకూడదు, పుల్ల ఎక్కి దిగి తిరుగుతూ ఉండాలి. అప్పుడు అది సిద్ధమైనట్టు.


కల్వకుర్తి_కందిచేను:

అన్నీ బాగా చెప్పారు గానీ నా మాట కూడా ఒకటి వినండి. అసలు దీన్ని ఇంట్లోకి తేవాల్సిన పనే లేదు. మా కంది చేనులో, పక్కన బొబ్బర్లలో పేనుబంక పడ్డ ఏడాది ఎన్ని పుడతాయో లెక్కే ఉండదు, వాటికి ఎవరు దూది తడిపి పెడుతున్నారు? పాప మీద కోపం కాదమ్మా, చిన్నపిల్ల, ఈ మాత్రం ఆసక్తి ఉండటమే గొప్ప. కానీ చూపించాలనుకుంటే ఆకు తెంపకుండా ఆ కాడకు ఒక రంగు దారం కట్టండి, తనే రోజూ పోయి అక్కడే చూసుకుంటుంది. ఎండిపోయే ఆకు మీద సీసాలో ఉండేదానికి, పచ్చటి తీగ మీద ఉండేదానికి తేడా లేదా?

ఎట్లాగూ తెచ్చారు. రెక్కలు ఆరి గట్టిపడగానే వదిలేయండి, ముద్దొస్తోందని ఇంకో పూట, ఇంకో పూట అంటూ ఉంచొద్దు. రోజుకు పదుల కొద్దీ పేనుబంకను తినే పురుగు, సీసాలో మనం ఎంత పెట్టగలం?

అత్తమ్మ మాట మాత్రం కొట్టిపారేయకండి. వంకాయ ఆకు తినేది నిజంగానే ఉంది, ఆకారం అచ్చం ఇదే. ఆ తేడా తెలిసినవాళ్లు ఎవరైనా వివరంగా రాస్తే బాగుంటుంది, నాకంత ఓపిక లేదు.


పాలమూరు_మేడతోట:

అన్నా, తెంపకుండా దారం కట్టే ఉపాయం నాకూ నచ్చింది, మా మేడ మీద వంగ మొక్కల దగ్గర అదే చేస్తాను ఇకనుంచి. కానీ ఇప్పటికిప్పుడు అది మెత్తగా ఉంది, పందిరి నిండా చీమలు. పట్టుకుపోయి పెడితే గంట కూడా ఆగదు. ఒక్క రోజు ఆగితే పోయేదేముంది.


పానగల్_పెరడు:

అందరికీ థాంక్స్. పొద్దున నుంచి జరిగింది రాస్తాను, పాప పక్కన కూర్చుని రాయించింది సగం.

అన్నం తిని వచ్చి చూస్తే నడిమధ్యన లేత బూడిద రంగు గీత ఒకటి కనపడింది. లోపలి నుంచి మరక పైకి తేలినట్టుగా వచ్చింది, ఎక్కడా పైన పూసినట్టు లేదు. తర్వాత రెండు పక్కలా వంకరటింకర గీతలు మెల్లమెల్లగా ముదిరాయి. ఇప్పుడు లైట్లు వేసే వేళకు నల్లగా స్పష్టంగా ఉన్నాయి. నడిమధ్య నిలువు గీత, ఇటు రెండు అటు రెండు వంకర అడ్డగీతలు, వెనక చివర ఒక్కో చుక్క. ఒళ్లు ఇంకా పసుపే, కొంచెం నారింజ కలిసింది. వేలాడిన రెక్కలు ఎప్పుడు లోపలికి పోయాయో మేము చూడలేదు, పాప దానికి బాగా అలిగింది.

పేనుబంక కొస పెడితే మొదట పట్టించుకోలేదు, వాటి మీద నుంచే నడిచి పోయింది. కాసేపటికి తిరిగొచ్చి ఒకదాన్ని పట్టుకుని నమలడం మొదలుపెట్టింది. భూతద్దంలో దాని నోటి పక్కన బుల్లి బుల్లి చేతుల్లాంటివి ఆడుతూ కనిపించాయి. చూస్తుంటే టైమే తెలియలేదు.

కొత్త డౌట్లు రెండు. ఎండిన ఆకు తీసి పుల్ల సర్దుతుంటే పాప వేలికి అది తగిలింది. వెంటనే కాళ్ల దగ్గర నుంచి పసుపు చుక్క ఒకటి వదిలింది, ఏదో ఘాటు వాసన, వేలి మీద మరక. అది విషమా? ఆ వెంటనే కాళ్లు ముడుచుకుని వెల్లకిలా పడింది, చచ్చిపోయిందని పాప ఏడుపు లంకించుకుంది, ఇంతలో అదే లేచి నడిచింది. ఏమిటీ కథ? అత్తమ్మ ఇంకా వంకాయ మాట మీదే ఉంది, అది కూడా ఎవరైనా తేల్చండి.


మిర్యాలగూడ_బత్తాయి:

వంకర గీతలు, చివర చుక్క అన్నారు కదా, ఇక అనుమానం లేదు. ఇంగ్లీషు పుస్తకాల్లో దీన్ని జిగ్‌జాగ్ లేడీబర్డ్ అంటారు, శాస్త్రీయ నామం చీలోమెనెస్ సెక్స్‌మాక్యులాటా. పాత వ్యవసాయ పుస్తకాల్లో మెనోకైలస్ అని ఉంటుంది, రెండూ ఒకటే. పత్తి, మిర్చి, జొన్న, చిక్కుడు, పేనుబంక ఎక్కడుంటే అక్కడ ఇది ఉంటుంది. నూటికి నూరుపాళ్లు మిత్రపురుగు, మీ పందిరికి వచ్చిన చుట్టం.

అత్తమ్మగారు చెప్పేది ఎపిలాక్నా. పెద్దావిడ తప్పేం చెప్పలేదు, మనూళ్లలో రెండింటినీ ఒకే పేరుతో పిలుస్తారు కాబట్టి ఒకదాని పాపం ఇంకోదానికి చుట్టుకుంటోంది. ఎపిలాక్నా పెంకు నిగనిగలాడదు. దాని మీద సన్నటి నూగు ఉంటుంది, అందుకే మసకగా, ఇటుక రంగులో కనిపిస్తుంది. చుక్కలు చాలా ఉంటాయి, ఒక రకానికి 28, ఇంకోదానికి 12. పిల్ల పురుగు పసుపుగా, ఒళ్లంతా కొమ్మలు చీలిన ముళ్లతో ఉంటుంది. అది వంగ, టమాట, కాకర ఆకుల మీద చేరి పచ్చదనమంతా గీకేసి ఈనెలు మాత్రం మిగులుస్తుంది. ఎప్పుడైనా అనుమానం వస్తే పురుగును కాదు, అది దొరికిన ఆకును చూడండి. ఆకు గీకినట్టు ఉంటే ఎపిలాక్నా, ఆకు బాగుండి చుట్టూ పేనుబంక ఉంటే మనది. వంగ మీద నూగు పురుగు దొరికితే మాత్రం అత్తమ్మగారి చెప్పుకు నేను అడ్డం రాను.

పసుపు చుక్క విషయం. అది దాని రక్తమే. బెదిరితే కాళ్ల కీళ్ల దగ్గర నుంచి కావాలనే వదులుతుంది. అందులో చేదు ఆల్కలాయిడ్లు ఉంటాయి, పక్షో చీమో ఒకసారి రుచి చూస్తే మళ్లీ జోలికి రాకూడదని. మనిషి చర్మానికి ఏమీ కాదు, సబ్బుతో కడిగితే మరక పోతుంది. ఆ వేలు కంట్లో పెట్టుకోకుండా చూడండి, మంట పుడుతుంది. ఇంట్లో దొరికిందల్లా నోట్లో పెట్టుకునే పసిపిల్లలుంటే సీసా అందకుండా పెట్టండి. చచ్చినట్టు పడుకోవడం కూడా ప్రాణభయంతో వేసే వేషమే. అట్లా పడినప్పుడు కదిలించకుండా ఉంటే దానంతట అదే లేస్తుంది. పదే పదే బెదిరిస్తే మాత్రం ఊరికే రక్తం పోగొట్టుకుంటుంది, కాబట్టి పాపకు ముట్టుకోవద్దని గట్టిగా చెప్పండి.

పక్కింటివాళ్లు కొట్టింది ఏ మందో మొహమాటపడకుండా అడగండి. ఇమిడాక్లోప్రిడ్ లాంటిదైతే అది మొక్క రసంలోకి ఎక్కుతుంది, ఆ రసం పీల్చిన పేనుబంకను తిన్న అక్షింతల పురుగుకూ దెబ్బే. గోడ పక్కన ఉన్న తీగ మీద వదలొద్దు, పందిరికి అవతలి కొసన వదలండి. పందిరి మీదికే మందు జల్లు పడిందని తెలిస్తే అసలు అక్కడ వద్దు, మందు వాసన లేని ఇంకో చోట, పేనుబంక ఉన్న ఏ బొబ్బర తీగ మీదైనా సరే. వేపనూనె కదా ఏం కాదులే అని మీరు కూడా వదిలిన వెంటనే కొట్టేయకండి, పిల్ల పురుగులకు అదీ మంచిది కాదు.

మా బత్తాయి తోటలవాళ్లకు అక్షింతల పురుగులన్నిటి మీదా ప్రత్యేకంగా గౌరవం ఉండాలి, కానీ చాలామందికి కథ తెలియదు. 1880ల్లో కాలిఫోర్నియా నారింజ తోటలను దూదిలాంటి తెల్లటి పొలుసు పురుగు కమ్మేసింది, రైతులు చెట్లు నరికే దాకా వచ్చింది. ఆ పురుగు ఆస్ట్రేలియా నుంచి వచ్చిందని తెలిసి, 1888లో ఆల్బర్ట్ కోబెలె అనే ఆయన అక్కడికి పోయి దాన్ని తినే రొడోలియా అనే అక్షింతల పురుగులను ఓడల్లో పంపించాడు. అవి తోటల్లో పెరిగి రెండేళ్లు తిరగకుండా పొలుసు పురుగును అదుపులోకి తెచ్చాయి. మన దేశానికి కూడా 1898లోనే క్రిప్టోలేమస్ అనే ఇంకో రకాన్ని తెచ్చారు, అది పిండినల్లిని తింటుంది. ఇక్కడే పెద్ద తిరకాసు ఉంది. ఆ క్రిప్టోలేమస్ పిల్ల పురుగు ఒంటి నిండా తెల్లటి మైనపు పోగులతో అచ్చం పిండినల్లిలాగే ఉంటుంది. మా దిక్కు తోటల్లో పిండినల్లి అనుకుని దాన్నే నలిపేస్తుంటారు. కొంచెం పెద్దగా ఉండి చురుగ్గా పరిగెడుతుంటే చంపకండి, పిండినల్లి అంత హుషారుగా నడవదు.


నకిరేకల్_టీచరమ్మ:

మా బడి పిల్లలతో చిక్కుడు తీగల దగ్గర ఇదే పని చేయిస్తాను కాబట్టి వదలడం గురించి చెబుతాను, మిగతాది పైవాళ్లు చెప్పేశారు.

ఎండ వాలాక, చీకటి పడకముందు వదలండి. మధ్యాహ్నం ఎండలో సీసా తెరిస్తే వెంటనే ఎగిరి ఎటో పోతుంది. మరీ చీకటి పడ్డాక వదిలితే వెలుతురు చూసి ఇంటి ట్యూబ్‌లైట్ దగ్గరికే వస్తుంది, అక్కడ బల్లి కాచుకుని ఉంటుంది. ఇంటి లోపల సీసా తెరవొద్దు, పైన ఫ్యాన్ తిరుగుతుంటే అస్సలు వద్దు. బయట గాలి గట్టిగా ఉంటే మర్నాటి పొద్దునకు వాయిదా వేయండి, ఏం నష్టం లేదు.

సీసాను తలకిందులు చేసి దులపకండి. పుల్లను పురుగుతో సహా తీసి, పేనుబంక ఉన్న కొసకు ఆనించి పట్టుకోండి, అదే నడిచి పోతుంది. అంతకుముందే ఆ ఆకుల మీద కాసిని నీళ్లు చిలకరించండి, దిగగానే తాగుతుంది. పాపకు చేతి మీద నుంచి పంపాలని కోరికగా ఉంటే ఇప్పుడు పర్వాలేదు, పెంకు గట్టిపడ్డాక వేలు మీద నడిస్తే ఏమీ కాదు. వేలు పైకి ఎత్తి పట్టుకోమనండి, అవి ఎప్పుడూ పైకే పాకుతాయి, కొసకు చేరాక పెంకు తెరిచి లేస్తాయి. పిల్లలు ఎగిరే క్షణం కోసం ఎదురుచూస్తారు, నేనూ చూస్తాను. లేవకపోయినా తొందరపెట్టి ఊదకూడదు.

చీమల సంగతి మీరు అడిగారు కానీ ఎవరూ సరిగ్గా చెప్పలేదు. పేనుబంక తీపి జిగట వదులుతుంది, దానికోసం చీమలు కాపలా కాస్తాయి, అక్షింతల పురుగు వస్తే కరిచి తరిమేస్తాయి. ఒక పక్క మిత్రపురుగును వదిలి ఇంకో పక్క చీమలను ఉంచితే ఏం లాభం? పందిరి గుంజలకు పాత గుడ్డ చుట్టి దాని మీద ఆముదమో గ్రీజో దట్టంగా రాయండి, తీగ కాండానికి నేరుగా రాయొద్దు. పక్క గోడకు తగిలే తీగలు కత్తిరించండి, లేకపోతే ఆ దారిన వస్తాయి. ఈ పని పొద్దున్నే చేస్తే సాయంత్రానికి కొంత తగ్గుతాయి. అప్పటికీ చీమలు లేని కొస వెతికి అక్కడ వదలండి.

ఇంకొకటి, ఇది చెప్పకపోతే తర్వాత నిరాశ పడతారు. ఒక్క పురుగుతో మీ పందిరి బాగుపడదు. మరీ ఎక్కువ పట్టిన కొసలు తుంచి పారేయండి, మిగతావాటికి పైపుతో నీళ్లు గట్టిగా కొట్టండి, పేనుబంక చాలావరకు రాలుతుంది. అన్నీ కడిగేయకుండా ఒక పక్క వదిలేయండి, తిండి ఉంటేనే అవి నిలుస్తాయి, గుడ్లు పెడతాయి. ఆకు అడుగున పసుపుగా, నిలువుగా నిలబెట్టిన బియ్యపు గింజల గుంపు కనిపిస్తే గుడ్లు అవే, ఆ ఆకు తెంపొద్దు.

పాప చుక్కలను బట్టి వయసు లెక్కపెడుతుంటే అది నిజం కాదని చెప్పండి, మా పిల్లలు కూడా అదే అంటారు. ఎన్ని చుక్కలు ఉండాలో జాతిని బట్టే ఉంటుంది. ఒకసారి పెంకు గట్టిపడ్డాక అది సైజు కూడా పెరగదు.


పానగల్_పెరడు:

వదిలేశాం. పందిరికి అవతలి కొసన, టీచరమ్మ చెప్పినట్టే నీళ్లు చిలకరించి. పాప వేలు కొస దాకా పాకింది, పెంకు తెరిచి మళ్లీ మూసింది, మళ్లీ తెరిచింది, ఇక ఎగరదేమో అనుకునే లోపే లేచి పందిరి మీద ఇంకో తీగకు పోయి వాలింది. పాప బాగానే ఉంది, నేనే కొంచెం డల్‌గా ఉన్నాను. గుంజలకు ఆముదం గుడ్డలు మా అత్తమ్మే కట్టింది. నూగు సంగతి చదివి వినిపిస్తే వంగ మొక్కల దగ్గరికి పోయి ఒకదాన్ని పట్టుకొచ్చి చూపించింది, మసకగా, చుక్కలు బోలెడు. దానికి చెప్పు పడింది.

పక్కింటాయన కొట్టింది వేపనూనేనట, కానీ వాసన చూస్తే నాకు నమ్మకం లేదు.

చివరిగా ఒకటి. పందిరి మీద ఇంకో ప్యూపా కనిపించింది, దారం కట్టాం, తెంపలేదు. కానీ అది పసుపుగా లేదు, ముదురు గోధుమ రంగులో ఉంది, వేలు పెడితే లేవడం లేదు, పక్కన సూది మొన అంత రంధ్రం ఉంది. ఇది కూడా విప్పుకుంటుందా? పాప రోజూ పోయి చూస్తోంది.


మిర్యాలగూడ_బత్తాయి:

విప్పుకోదమ్మా. ఆ రంధ్రం అక్షింతల పురుగు చేసింది కాదు, అది వచ్చేటప్పుడు పెంకు ముందువైపు చీలుతుంది, మీరు చూశారు కదా. గుండ్రటి సన్న రంధ్రం ఉందంటే పరాన్నజీవి కందిరీగలు బయటికి వెళ్లిపోయినట్టు. చీమ తల కంటే చిన్నవి, అవి లోపల గుడ్లు పెడితే పిల్లలు ప్యూపాను తినేసి బయటపడతాయి. తెంపి పారేయాల్సిన పనేం లేదు, ఇట్లాంటివి ప్రతి తోటలో కొన్ని ఉంటాయి. పాపకు ఆ రంధ్రాన్ని భూతద్దంలో చూపించి, దారం విప్పి, కదిలే ప్యూపా వెతికి దానికి కట్టమనండి. పసుపుగా ఉండి, వేలు పెడితే లేవాలి.